ఆవిరికి నిలిచిన గీత

పోయినవారం మిమ్మల్ని మా వంటింటి గుమ్మంలోనే నిలబెట్టి వెళ్ళిపోయాను. ఎడమ ముంజేతి మీద వరసగా గీతలు గీయించుకుని, అవి ఆరేదాకా చెయ్యి గాల్లో పట్టుకుని, ఆ చేత్తోనే పనికి బయల్దేరాను. ఆ గీతలు నాకోసం గీసుకున్నవి కావు. మా అమ్మాయి కనుబొమ్మల కోసం.

మా అమ్మాయి ఈతకొలనులో చిన్నపిల్లలకి ఈత నేర్పేచోట సహాయకురాలు. నడక రాకముందే నీళ్ళ తొట్టిలోంచి లేపితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదని వాళ్ళ నాన్న దాన్ని ‘చేప’ అన్నారు. ఆ పేరే ఉండిపోయింది. ఆయన లారీ మీద ఎప్పుడూ దూరాలే తిరుగుతారు గనక ఇంట్లో ఉండేది నేనూ, చేపా, మా అత్తయ్యా. ఉన్నట్టుండి చేప కనుబొమ్మలు రాలిపోయాయి. తల జుట్టు ఒత్తుగా అలాగే ఉంది, కనుబొమ్మలు మాత్రమే పోయాయి. ప్రాణానికేమీ ఫర్వాలేదని డాక్టరన్నాడు. డాక్టర్లు మొదట్లో అలాగే అంటారులే అని నేను నమ్మలేదు.

చేప కనుబొమ్మలు గీసుకుని పనికి వెళ్తూనే ఉంది. ఒకరోజు కొలనులో ఆ గీత కరిగి చెంప మీదికి జారింది. ఒక చిన్నపిల్ల చూసి, “అక్క ముఖం కారిపోతోంది!” అని గట్టు దద్దరిల్లేలా ఏడ్చింది. ఆరోజు నుంచి చేప నీళ్ళలో దిగలేదు. చివరికి కోచ్ మేడమ్ కబురుపెట్టింది. శనివారం పరీక్షట. నెగ్గితే చిన్నపిల్లల తరగతి మొత్తం దానిదే. రాకపోతే ఆ చోటు ఇంకొకరిది. నీళ్ళకి చెదరని గీత దొరికితేనే వెళ్తానంది చేప. ఖరీదైనవి మనవల్ల కాదు కాబట్టి, సందు చివర ఫ్యాన్సీ షాపులో చవగ్గా దొరికే, కనుబొమ్మలు దిద్దే బ్రో పెన్నులూ, కళ్ళకి గీసుకునే వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ ఐలైనర్లూ తెచ్చాను. దాని ముఖం మీద ప్రయోగాలు చేసే ధైర్యం నాకు లేదు. చర్మం పొంగితే? కంట్లోకి పోతే? అందుకని నా చెయ్యి ఇచ్చాను.

అలా ఆ చేత్తో లాండ్రీకి వెళ్ళాను.

మా లాండ్రీలో ఇస్త్రీ ప్రెస్సు పళ్ళెం మంచమంత ఉంటుంది. మూత దించగానే నాలుగువైపుల నుంచీ ఆవిరి బుస్సుమంటూ వచ్చి ముఖానికి కొడుతుంది. హోటళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, అన్నీ తెల్లవే. ఈ ఆవిరిలో పూటంతా నిలిచిన గీతకి ఈతకొలను ఒక లెక్కా అని నా ధీమా.

మడతల బల్ల దగ్గర పనిచేసే వదిన నా చెయ్యి చూసింది.

“ఏంటి వదినా అది? చారల గుర్రం వెళ్తూ వెళ్తూ ఒక కాలు నీకిచ్చి పోయిందా?”

“పరీక్ష చేస్తున్నానులే.”

“ఎవరికి పరీక్ష? సూపర్వైజరమ్మకా? ఆవిడ చూసిందంటే నిన్నే వాషింగ్ మెషిన్లో వేస్తుంది.”

సంగతి చెప్పాను. వదిన నవ్వడం ఆపి దగ్గరికొచ్చింది. “ఏది ఏదో గుర్తుందా మరి?”

“మోచేతి వైపువి బ్రో పెన్నులు. మణికట్టు వైపువి లైనర్లు.”

మొదటి బ్రో పెన్ను పొద్దున గీసినప్పుడు చక్కటి గోధుమరంగు. రెండు దుప్పట్లు కాకముందే అది ఎర్రబారి, తుప్పు మరకలా అయి, ఆ మరక కూడా మిగల్లేదు. రెండోదానికి కొన దువ్వెన పళ్ళలా చీలి ఉంటుంది. ఒక్కసారి లాగితే వెంట్రుక పక్కన వెంట్రుకలా సన్నటి గీతలు పడతాయి. చూడ్డానికి దాన్ని మించింది లేదు. కానీ చెమట పట్టగానే గీతలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దయిపోయాయి. మూడోది లావుపాటి మొద్దు పెన్ను. అది వెలిసింది గానీ పోలేదు. గుడ్డ మీద టీ ఒలికి ఆరినట్టు లేత గోధుమరంగు మరక నిలిచింది.

లైనర్ల కథ వేరు. మొదటిది ఆరాక గోళ్ళరంగులా మెరిసింది. చెయ్యి మెలితిప్పగానే బీటలిచ్చి పొట్టు పొట్టుగా రాలింది. మనిషన్నాక నవ్వితే, కోపమొస్తే కనుబొమ్మ కదలదా? రెండోది ఆవిరికి బెదరలేదు. కానీ నేను వేడివేడి గలీబు అందుకోగానే ఆ గీతలో సగం గలీబు మీదికి చేరింది. తెల్లటి గుడ్డ మీద చీమంత నల్ల మరక! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకేముంది, హోటలువాళ్ళు చూస్తారు, సూపర్వైజరమ్మ పిలుస్తుంది, రేపటి నుంచి రావద్దంటుంది, ఈ వయసులో నాకు పనెవరిస్తారు అని ఊళ్ళో ఉన్న లాండ్రీలన్నీ మనసులోనే తిరిగొచ్చాను. వదిన ఆ గలీబు నా చేతిలోంచి లాక్కుని ఉతికేవాటి గుట్టలో పడేసి, ఏమీ ఎరగనట్టు తువ్వాలు మడతపెట్టుకుంది.

ఇక మిగిలింది మణికట్టు దగ్గరి గీత. నల్ల గొట్టం, దారమంత సన్నటి కుంచె. ఆవిరికి చెదరలేదు. చెమటకి చెదరలేదు. సబ్బు పెట్టి రుద్దాను, ఇంకా నల్లగా నవ్వింది.

“దొరికింది కదా!” అంది వదిన.

“ఇంతలా పట్టుకున్నది తర్వాత వదలకపోతే? జన్మంతా ఇలాగే ఉండిపోతే?”

“నీకు గీత చెరిగినా భయమే, చెరక్కపోయినా భయమే వదినా. ఇలా తే.”

వదిన తన సంచిలోంచి తలనూనె తీసి ఒక చుక్క వేసి బొటనవేలితో బాగా రుద్దింది. అప్పుడొచ్చింది, పొరలు పొరలుగా. గీతతో పాటు ఆ మేరకి నా చేతిమీది నూగు కూడా ఊడి వచ్చింది. అక్కడ మాత్రం చర్మం నున్నగా, బోడిగా మిగిలింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. గీత దొరికిందన్న సంతోషంలో ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ముందుగదిలో కుర్చీ కిందా, పరుపు కిందా వెతుకుతోంది.

“నా ప్లక్కరు మళ్ళీ మాయం. మాటిమాటికీ ఎక్కడికి పోతుందో! ఈ ఇంట్లో నా గడ్డానికి కూడా విలువ లేకుండా పోయింది.”

అత్తయ్యకి గడ్డం మీద రెండు మూడు మొండి వెంట్రుకలు మొలుస్తుంటాయి. వాటిని పీక్కోవడం ఆవిడకి పెద్ద కార్యక్రమం. ఈమధ్య నేను ముఖం కడుక్కునే తొట్టి తోమినప్పుడల్లా పొట్టి పొట్టి తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఆవిడవేననుకుని, పెద్దావిడతో గొడవెందుకని నీళ్ళు పోసి ఊరుకుంటున్నాను.

“తర్వాత వెతికిపెడతా అత్తయ్యా,” అని లోపలికి వెళ్ళాను.

చేప కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని కూర్చుంది. నేను ఏ గీత ఏమైందో, లావు పెన్ను టీ మరకలా ఎలా మిగిలిందో చెప్పి, నల్ల గొట్టం లైనరు గెలిచిందన్నాను. దాని ముఖం విప్పారింది. ఎన్నాళ్ళకి! వెంటనే ఒకసారి గీసి చూసుకుందామంది. మామూలుగా కనుబొమ్మ తనే గీసుకుంటుంది, నన్ను దగ్గరికి రానివ్వదు. కానీ లిక్విడ్ లైనరు తడబడితే దిద్దుకోవడానికి లేదు. చూపుడువేలితో చెరిపేసే బ్రో పెన్ను లాంటిది కాదు. రెండుసార్లు ప్రయత్నించి, చెయ్యి నిలవక, “నువ్వే గియ్యమ్మా” అని ముఖం నాకిచ్చేసింది.

గడ్డం పట్టుకుని దాని ముఖం వెలుగు వైపు తిప్పాను.

“కదలకే.”

“నేను కదలట్లేదు. నీ చెయ్యే వణుకుతోంది.”

ఎడమ కనుబొమ్మ మొదట్లో, ముక్కుకి దగ్గరగా, తెల్లగా ఏదో కనిపించింది. తువ్వాలు నూగేమోనని ఊదాను. పోలేదు. గోటితో తీయబోయాను.

చేప తల వెనక్కి లాక్కుంది. “వదిలెయ్. నేను తీసుకుంటా.”

“ఏంటే అది?”

“పౌడరు.”

“పౌడరుకి వేళ్ళుంటాయా?”

నేను మళ్ళీ గడ్డం పట్టుకుని ఈసారి గట్టిగా వెలుగులోకి తిప్పాను. తెల్లటి వెంట్రుకలు. రెండో మూడో, బియ్యపుగింజలో సగమంతైనా లేవు. అప్పుడే మొలిచిన గడ్డిపోచల్లా నిలబడి ఉన్నాయి. వాటి పక్కన సూది మొనతో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. ఒకటి కాదు, కనుబొమ్మ పొడుగునా.

నా బుర్రలో ముఖం కడుక్కునే తొట్టి మెదిలింది. తర్వాత అత్తయ్య ప్లక్కరు.

“నాన్నమ్మ ప్లక్కరు ఎక్కడుంది?”

చేప చూపు ఈత సంచి మీదికి పోయింది. వెళ్ళి జిప్పు తీశాను. ఈత టోపీ మడతలో ఉంది.

“వస్తున్నాయా?” అన్నాను.

“వస్తున్నాయి.”

“వస్తుంటే పీకేస్తున్నావా?”

తల దించుకుంది.

నేను దాన్ని దగ్గరికి తీసుకోవలసింది. ఆ పని చెయ్యలేదు. నా నోటికి వచ్చింది భయమే. “తెల్లగా ఎందుకొస్తున్నాయే? ఈ వయసులో తెల్లవేంటి? ఒంట్లో రక్తం లేదా? ఇంకేదైనా పెద్దదేమో! రేపే వెళ్దాం, అన్ని పరీక్షలూ…”

“ఆపమ్మా!” అంది. “డాక్టర్ని అడిగాను. చాలామందికి ముందు తెల్లగానే వస్తాయట. తర్వాత నల్లబడొచ్చట. మళ్ళీ రాలిపోవచ్చు కూడానట. ఖాయంగా ఏదీ చెప్పలేనన్నాడు.”

“ఒక్కదానివే వెళ్ళావా?”

“ఊఁ.”

“నాకు చెప్పకుండానా?”

“చెప్తే ఏం చేసేదానివి?” అని తలెత్తి చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు, అలసట ఉంది. “నేను పొద్దున కళ్ళు తెరిచేసరికి నీ ముఖం నా ముఖం మీద ఉండేది. నిన్నటివన్నీ ఉన్నాయా లేదా అని చూసేదానివి. ఒక్కటి తగ్గితే ఆ పూట తిండి మానేసేదానివి. మొదటిసారి రాలినప్పుడు నేను ఒక్కసారైనా ఏడ్చానా అమ్మా? ఏడవలేదు. నాకు వంతు రాలేదు. నువ్వు ఏడుస్తుంటే నిన్ను ఊరుకోబెట్టడమే సరిపోయింది.”

బిడ్డ కోసం భయపడటం తల్లి పని అనుకున్నానే గానీ, ఆ భయాన్ని అదే మోసిందని నాకు ఎప్పుడూ తట్టలేదు. దాని ఎదురుగా మంచం అంచున కూర్చుండిపోయాను. ప్లక్కరు ఇంకా నా చేతిలోనే ఉంది.

అదే మెల్లగా అంది. “అప్పుడు రోజూ లేచేసరికి తలగడ మీద కనిపించేవి. నాకు చెప్పకుండా పోయేవి. ఎన్ని మిగిలాయో అద్దంలో చూసుకోవాలంటే ఒళ్ళు వణికేది. మళ్ళీ ఆ ఎదురుచూపు నావల్ల కాదు. నేనే తీసేస్తే, అవి నన్ను వదిలేసి పోయినట్టు కాదు కదా.”



అంతలో అత్తయ్య గుమ్మంలోకొచ్చింది. ఎంతసేపటి నుంచి వింటోందో! తిన్నగా వచ్చి నా చేతిలోంచి ప్లక్కరు తీసుకుంది. వంగి మనవరాలి ముఖంలోకి చూసింది.

“తెల్లవైతే ఏమైందే? నా నెత్తిన నల్లది మచ్చుకైనా లేదు. నన్ను చూసి ఎవడు జడుసుకున్నాడు?”

“నువ్వు నవ్వితే జడుసుకుంటారు నాన్నమ్మా.”

“ఓసి నీ!” అని బోసినోరు తెరిచి నవ్వింది ఆవిడ. చేప కూడా నవ్వింది. వెళ్తూ వెళ్తూ అత్తయ్య ప్లక్కరు బొడ్లో దోపుకుని, “ఇక ఇది నాతోనే పడుకుంటుంది” అంది.

ఆవిడ వెళ్ళాక చేప ముఖం మళ్ళీ ముడుచుకుపోయింది. నల్ల గొట్టం నా ముందుకి తోసింది.

“రేపు పొద్దున దీంతో గియ్యి.”

అప్పుడు నాకు నా చెయ్యి గుర్తొచ్చింది. నూనె పెట్టి రుద్దిన చోటు. తిప్పి చూపించాను. “ఇది నూనెతో బలంగా రుద్దితేగానీ పోదే. చూడు, నా నూగంతా ఊడొచ్చింది. ఇవి నిన్న మొన్న మొలిచినవి, నిలుస్తాయా? బ్రో పెన్నుతో గీస్తాను. అది తడిగుడ్డకే పోతుంది, వీటి జోలికి పోదు.”

“తడిగుడ్డకే పోయేది నీళ్ళలో ఏం నిలుస్తుంది?”

“లావు పెన్ను ఆవిరికి కూడా పూర్తిగా పోలేదు…”

“టీ మరకలా ఉందన్నావుగా. టీ మరక పెట్టుకుని వెళ్ళనా?” అని నా చెయ్యి పట్టుకుంది. “అమ్మా, విను. రేపు పరీక్షకి నాకు ఏ పిల్లనిస్తున్నారో తెలుసా? ఆరోజు ఏడ్చిందే, ఆ పిల్లనే. ఆ పిల్ల అప్పట్నించీ నీళ్ళలో ముఖం పెట్టట్లేదట. ఎవరు చెప్పినా వినట్లేదట. ‘నువ్వు పోగొట్టిన ధైర్యం నువ్వే తేవాలి’ అంది మేడమ్. ఆ పిల్ల ముందు నా ముఖం మళ్ళీ కారిందనుకో, నా పని సంగతి అలా ఉంచు, ఆ పిల్ల ఇక జన్మలో నీళ్ళ దగ్గరికి రాదు. వెంట్రుకలు ఊడితే ఊడనీ. నల్లదాంతోనే గీస్తానని మాటివ్వు.”

దాని కళ్ళలోకి చూసి, “సరే” అన్నాను.

శనివారం పొద్దున అది స్నానం చేసి, జుట్టు బిగించి కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ముఖానికి క్రీము రాసుకోలేదు. జిడ్డుంటే లైనరు పట్టదు. నేను రెండు కనుబొమ్మలూ మెత్తటి గుడ్డతో అద్ది, కాస్త పౌడరు అద్ది, గొట్టం బాగా ఊపి మూత తీశాను. కుడివైపు మొత్తం లైనరుతోనే గీశాను. పొట్టి పొట్టి గీతలు, ఒకదాని పక్కన ఒకటి. ఎడమవైపు చివర నుంచి మొదలుపెట్టి వెంట్రుకల్లేని చోటంతా దాంతోనే దిద్దాను. ముక్కు దగ్గరి మూలకి వచ్చేసరికి ఆ తెల్లటివి కనిపించాయి. రాత్రికి ఇంకాస్త తలెత్తినట్టున్నాయి. నాకలా అనిపించిందో ఏమో.

చేప కళ్ళు మూసుకుని ఉంది.

లైనరు మూత పెట్టాను. ఒళ్ళో ఉన్న లావు బ్రో పెన్ను తీశాను. ఆ మూల ఒక్కటీ, వేలి చివరంత కూడా లేని ఆ మూల ఒక్కటీ, దాంతో నింపాను. తెల్ల వెంట్రుకలకి రంగంటలేదు, కింది చర్మానికి అంటింది. రెండోసారి దిద్దాక బాగానే కలిసిపోయింది.

“అయింది. చూసుకో.”

అద్దం అందుకుని చాలాసేపు చూసుకుంది. “ఇక్కడ మొదట్లో కొంచెం లేతగా ఉందేం?”

“మొదట్లో లేతగా ఉంటేనే సహజమట. ఫ్యాన్సీ షాపు అమ్మాయి చెప్పింది.”

అది నిజమే. ఆ అమ్మాయి ఆ మాట అంది. నేను దాన్ని ఎందుకు వాడుకున్నానో నాకు తెలుసు. కానీ ఆవిరికి నిలిచిన మరక, అంత చిన్న మూల, ఎవరు చూడొచ్చారు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. చేప అద్దం దించి, నా బుగ్గ మీద ముద్దు పెట్టి, సంచి భుజాన వేసుకుంది. ఆ ముద్దు దారి పొడుగునా నన్ను కాల్చింది.

కొలను దగ్గర పెద్దవాళ్ళు కూర్చోవడానికి అద్దాల గది ఉంది. లోపలి మాటలు బయటికి వినిపించవు. నీళ్ళలో కలిపే క్లోరిన్ మందు వాసన మాత్రం వస్తుంది. నేను అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. కోచ్ మేడమ్ మెడలో ఈల వేసుకుని గట్టు మీద నిలుచుంది. ఆ చిన్నపిల్ల పసుపుపచ్చ టోపీతో నీళ్ళలోకి దిగే మెట్ల మీద కమ్మీని రెండు చేతులా వాటేసుకుని ఉంది. మేడమ్ చేపకి ఏదో చెప్పింది. పిల్లని బలవంతపెట్టకూడదు, ముట్టుకుని లాగకూడదు, తనంతట తనే నీళ్ళలో ముఖం పెట్టాలి. ఆ నియమం చేప నాకు ముందే చెప్పింది.

చేప నీళ్ళలో దిగింది. ఎన్నాళ్ళకో! నడుం లోతు నీళ్ళలో నిలబడి ఆ పిల్లతో ఏదో అంది. ఆ పిల్ల చూపు చేప కళ్ళలో లేదు, కళ్ళ పైన ఉంది. ఆ చూపు ఎక్కడుందో ఇంత దూరం నుంచి నాకే తెలుస్తోందంటే చేపకి తెలియదా? అయినా అది నవ్వుతూనే ఉంది.

ముందు తనే ముఖం ముంచింది. పైకి లేచింది. రెండు కనుబొమ్మలూ నల్లగా, తీరుగా ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను గోడకి చేరబడి గాలి పీల్చుకున్నాను. పిల్ల కమ్మీ మీది ఒక చెయ్యి వదిలింది. గడ్డం నీళ్ళకి ఆనించింది. చేప ఈసారి మొత్తం మునిగిపోయి, కింద నుంచి బుడగలు వదిలింది. బుడగలు ఆ పిల్ల చుట్టూ లేచాయి. పిల్ల నోరంతా తెరిచి నవ్వడం నాకు అద్దంలోంచి కనిపించింది. నవ్వుతూ రెండో చెయ్యి కూడా వదిలేసింది.

చేప పైకి లేచింది. లేస్తూనే అరచేత్తో నుదుటి నుంచి గడ్డం దాకా ముఖం మీది నీళ్ళు ఒక్కసారి తుడిచేసుకుంది. ఈతగాళ్ళందరికీ ఉండే అలవాటే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

అప్పుడు తట్టింది నాకు. ఆవిరి గీత మీద వాలుతుందే గానీ రుద్దదు. ఆ లావు పెన్ను గీతని నేను ఒక్కసారైనా రుద్ది చూడలేదు.

ఎడమ కనుబొమ్మ మొదలు లేదు. నల్లటి గీత సగంలో తెగిపోయి, ఆ మూల తడిచర్మం బోసిగా ఉంది. కొలను దీపం వెలుగులో అక్కడ ఏదో తెల్లగా మెరిసింది. పిల్ల నవ్వు ఆగిపోయింది. తల పక్కకి వంచి చూసింది. ఏడుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అనుకుంటూ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పిల్ల ఏడవలేదు. నీళ్ళలో ఒక అడుగు ముందుకి వేసింది. చిన్న వేలు చాపి ఆ మూల మీద పెట్టింది. చేప ముఖంలోకి చూస్తూ ఏదో అంది. చిన్న మాటే, పెదవులు అలా కదిలి ఇలా ఆగాయి. అద్దం ఇవతల నాకు ఏమీ వినిపించలేదు.

చేప ముఖంలో నవ్వు మాయమైంది. నెమ్మదిగా తన వేలితో అదే చోటు తడుముకుంది. వేలు కళ్ళ ముందుకి తెచ్చుకుని చూసింది. దానిమీద నలుపు లేదు. గోధుమరంగు ఉంది. ఏ పెన్ను ఏ రంగు వదులుతుందో మా ఇంట్లో అందరికంటే బాగా దానికే తెలుసు.

గట్టు మీద మేడమ్ ఈల పెదవుల మధ్య పెట్టుకుంది. పిల్ల ఇంకా చేప ముఖంలోకే చూస్తూ జవాబు కోసం నిలబడి ఉంది. చేప మాత్రం తడిసిన ఆ వేలిని అలాగే పట్టుకుని, తలెత్తి, అద్దాల గది వైపు తిరిగి నా కోసం వెతికింది.